రెండో గదిలో ‘ఎక్కువ’

ఇలాంటివి మామూలుగా రిటైరైనవాళ్ళు రాస్తారు. నాకింకా ముప్పై నిండలేదు. ఉద్యోగం చేసింది కొన్నేళ్ళే. అయినా ఇన్‌స్ట్రుమెంటేషన్ చదువుతున్న చెల్లెళ్ళు కొందరు నన్ను అడుగుతూ ఉంటారు, “అక్కా, ఫ్యాక్టరీలో నువ్వు అసలేం చేసేదానివి?” అని. ఫోన్లో చెప్పబోతే సగంలో బాబు లేస్తాడు. వాడు పడుకున్నాక, వాడి ఊపిరి వినపడేంత దూరంలో కూర్చుని రాయడం తప్ప నాకు వేరే దారి దొరకలేదు.

నేను పనిచేసింది కోటబొమ్మాళి దాటాక సముద్రం వైపు వెళ్ళే రోడ్డులో ఉన్న ఒక రొయ్యల ఫ్యాక్టరీలో. రొయ్యల్ని ఒలిచి, కడిగి, గడ్డకట్టించి, అట్టపెట్టెల్లో సర్ది, కంటైనర్ వచ్చేదాకా చల్లటి గదుల్లో దాచడం అక్కడ జరిగే పని. శ్రీకాకుళం నుంచి బస్సులో వెళ్ళి హైవే మీద దిగితే, అక్కణ్ణుంచి షేర్ ఆటో. ఆటోలో నా పక్కన కూర్చునేవాళ్ళందరూ రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళే. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నా చున్నీ కూడా వాళ్ళ చీరల్లాగే వాసన వేసేది. పెళ్ళయిన కొత్తలో మా ఆయన ముక్కు చిట్లించేవాడు. ఇప్పుడు చేపల బజారు పక్కగా వెళ్ళాల్సి వస్తే నేను కావాలనే నెమ్మదిగా నడుస్తాను.

మిషన్లని నడపడం నా పని కాదు. మిషన్లు ఏమంటున్నాయో వాటి దగ్గరుండే మనుషులకి వినపడేలా చెయ్యడం నా పని. చెల్లెళ్ళూ, మీ పుస్తకాల్లో దీనికి పెద్ద పెద్ద పేర్లుంటాయి. చేతికొచ్చేసరికి మిగిలేది ఇంతే.

నేను చేరేనాటికి ఆ ఫ్యాక్టరీలో రెండు పెద్ద చల్లగదుల తలుపుల మీద గడియారాల్లాంటి రెండు థర్మామీటర్లు ఉండేవి. కంప్రెసర్ రూములో పాతకాలపు స్విచ్చుల బోర్డు ఒకటి. రొయ్యలు కొనే విదేశీ కంపెనీవాళ్ళు, గదుల్లో చలి ఎంతుందో క్షణం తెగకుండా రికార్డయ్యి తీరాలన్నారు. మైనస్ పద్దెనిమిది డిగ్రీలు, లేదా అంతకన్నా కింద. అందుకే నన్ను తీసుకున్నారు.

మా యజమానిది శ్రీకాకుళంలో తాతలనాటి నుంచి వ్యాపారం చేస్తున్న కుటుంబం. పనివాళ్ళందరూ ఆయన్ని సావుకారు అనేవారు. ఆయన నన్ను పిలిచి, “రెండు కంపెనీలవాళ్ళు వచ్చారమ్మాయ్. ఏది కొనాలో నువ్వు చూసి చెప్పు. నాకైతే ఆ మొదటిది బాగుంది,” అన్నారు. నన్ను చూడమంటూనే తన తీర్పు తాను చెప్పేశారన్నమాట.

ఆ మొదటిది నిజంగానే బాగుంది. గోడంత తెర, దాని మీద నీలం రంగు గదులు, తిరిగే ఫ్యాన్ల బొమ్మలు. సావుకారు ఇంట్లో సోఫాలో కూర్చుని ఫోన్లో చూసుకోవచ్చు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఆయన చూపిస్తుంటే మా అందరి నోళ్ళూ తెరుచుకునే ఉన్నాయి. నేను ఒక్కటే అడిగాను. “తుఫానొస్తే మాకిక్కడ రోజుల తరబడి నెట్ ఉండదు. అన్నాళ్ళ రీడింగులూ ఎక్కడుంటాయి?”

“క్లౌడ్‌లో ఉంటాయి మేడమ్.”

“నెట్ లేకుండా క్లౌడ్ దాకా ఎలా వెళ్తాయి?”

ఆయన నవ్వాడు. ప్యాకింగ్ హాలు చూసుకునే అక్క అక్కడే నిలబడి వింటోంది. క్లౌడంటే ఏమిటని నన్ను గుసగుసగా అడిగింది. మబ్బు అన్నాను. “మబ్బులేస్తేనే కదేటి మనకి నెట్టు పోతాది, మళ్ళా మబ్బులోనే దాస్తానంటాడేటి ఈయన,” అంది, గుసగుసగా కాదు.

రెండోది విజయనగరంలో ఒక షెడ్డులో కంట్రోల్ ప్యానెళ్ళు కట్టే పెద్దమనిషిది. కంప్రెసర్ రూము గోడకి ఒక చిన్న తెర. రీడింగులన్నీ ముందు దానిలోనే భద్రంగా ఉంటాయి, నెట్ ఉన్నప్పుడు ఆఫీసు కంప్యూటర్‌కి వెళ్తాయి. అందం తక్కువ. కానీ లోపల ఏ సర్క్యూట్ కార్డు కాలిపోయినా విశాఖపట్నంలో దొరుకుతుంది. మనిషి కావాలంటే పొద్దున్న రైలెక్కి మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాడు. నేను అదే కొనమన్నాను. సావుకారు ఒప్పుకున్నారు గానీ, “ఫోన్లో చూసుకోవచ్చనుకున్నాను,” అని చాలా రోజులు బెంగగా అంటూనే ఉన్నారు.

ఇప్పుడు బాబాయి గురించి చెప్పాలి.

బాబాయంటే కంప్రెసర్ ఆపరేటర్. నాకు చుట్టమేమీ కాదు. సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. ఆయన కూడా వయసులో ఉన్నన్నాళ్ళూ బోటు ఇంజన్ చూశాడు. ఒకసారి బోటు పక్కకి ఒరిగి భుజం జారిపోయాక ఇక వల లాగే పని చెయ్యలేక ఒడ్డుకొచ్చేశాడు. ఇంజన్ చూసిన చెయ్యి కదా అని సావుకారు తండ్రిగారు పిలిచి కంప్రెసర్ల దగ్గర పెట్టారట. చెవి కొంచెం మందం. మాట మాత్రం మొత్తం రూముకి వినపడుతుంది. నేను చేరిన మొదటి రోజున నా హెల్మెట్ వంక చూసి, “ఇదేటి పాపా, నెత్తిమీద గిన్నె బోర్లించీసినావు? మా గొట్టాలు నీ మీద పడతాయని బయ్యమా, నువ్వు మా గొట్టాల మీద పడతావని బయ్యమా?” అన్నాడు. అప్పట్నుంచి నేను పాపనే. సావుకారు ముందు కూడా పాపే.

ఆయన దగ్గర నేను చాలా నేర్చుకున్నాను, ఆయన నా దగ్గర నేర్చుకున్నాడు. కొత్త ప్యానెల్ పెట్టిన వారంలోనే మొదటి పేజీ నుంచి గ్రాఫు పేజీకి వెళ్ళడం పట్టేశాడు. వచ్చిన ప్రతివాడికీ తన సొంత టీవీలాగా చూపించేవాడు. “ఇటు సూడు, ఈ గీత రెండో గది. తలుపు తీత్తే ఇలగ లేస్తాది. మూత్తే కూకుంటాది,” అని. మధ్యాహ్నం అన్నాలప్పుడు ప్యాకింగ్ అక్క చేపల పులుసు గిన్నె తెచ్చి కంప్రెసర్ రూము గుమ్మంలో పెట్టేది. ముగ్గురం అక్కడే తినేవాళ్ళం. లోపల కంప్రెసర్ల మోతలో ఒకరి మాట ఒకరికి సగమే వినపడేది. ఆ సగం మాటలకే అంత నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు నా అన్నం సింకు దగ్గర నిలబడి, బాబు అటు తిరిగినప్పుడు తింటున్నాను.

(వాడు కదిలాడు. వెళ్ళి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసొచ్చాను. వాడు నెలలు నిండకుండా పుట్టాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడని డాక్టరుగారు అన్నారు. ఆ మాట మా ఇంట్లో నాకు తప్ప అందరికీ వినపడింది.)

తెర మీద అక్షరాలన్నీ తెలుగులోనే ఉండాలని పట్టుబట్టింది నేనే. అది తప్పు కాదని ఇప్పటికీ అంటాను. ఎర్రగా వెలిగి, కుయ్యోమని మోగి, చివరికి ఇంగ్లీషులో ఏదో రాసి చూపిస్తే ఏం లాభం? విజయనగరం పెద్దమనిషి ఒప్పుకుని, ‘గది 2 – ఉష్ణోగ్రత ఎక్కువ’ అని ఎక్కించాడు. తీరా చూస్తే ఆ చిన్న తెర మీద ‘ఉష్ణోగ్రత’ విరిగిపోయింది. ‘ష’ ఒక చోట, ‘ణ’ ఒత్తు ఇంకో చోట, మధ్యలో చుక్కల సున్నాలు. పైగా తెర మీద దానికిచ్చిన డబ్బాలో పట్టలేదు. అందరం తెర ముందు నిలబడి ఆలోచించాం. సావుకారు, నేను, పెద్దమనిషి, బాబాయి, ప్యాకింగ్ అక్క.

“ఆ ముక్క తీసీండి,” అన్నాడు బాబాయి. “గదిలో ఇంకేటుంటాది? ఎక్కువో తక్కువో తెలిస్తే సాలదేటి?”

చాలన్నాం అందరం. ‘గది 2 – ఎక్కువ.’ ముచ్చటగా పట్టింది. పరీక్షించడానికి సెన్సర్ని వేడినీళ్ళ గ్లాసులో ముంచాను. సైరన్ మోగింది, ఎర్ర డబ్బా వచ్చింది, ‘ఎక్కువ’ అంది. బాబాయి వేలితో నొక్కితే ఆగిపోయింది. ప్యాకింగ్ అక్క చప్పట్లు కొట్టింది. వేడినీళ్ళ గ్లాసు అందరి కళ్ళముందూ ఉంది కాబట్టి ఏది ఎక్కువైందని ఎవరమూ అడగలేదు.

ఆ రోజు వరకూ అంతా బాగానే నడిచింది. చిన్న చిన్న అలారాలు వచ్చినప్పుడల్లా నేనో, ఎవరో పక్కనే ఉండేవాళ్ళం.

ఆ రోజు పొద్దుటి నుంచీ కరెంటు వస్తూ పోతూ ఉంది. మధ్యాహ్నం చాలాసేపు పోయి వచ్చింది. గదులు త్వరగా చల్లబడాలని బాబాయి రెండు కంప్రెసర్లూ వేశాడు. అది సరైన పనే. నేను ఫ్యాక్టరీ ఆ చివర ఐసు ప్లాంటులో నీళ్ళ తొట్టి స్విచ్చు పట్టేసుకుంటే విప్పుతూ కూర్చున్నాను. కరెంటు పోయి వచ్చినప్పుడు రెండో గదిలో ఒక వాల్వు సగం తెరుచుకుని ఉండిపోయింది. గొట్టాల మీద పేరుకున్న మంచుని కరిగించడానికి అప్పుడప్పుడూ వేడి గ్యాసు పంపే వాల్వు అది. అంటే గదిని ఒక పక్క చల్లబరుస్తూ, ఇంకో పక్క వేడి చేస్తున్నాం.

సైరన్ మోగింది. తెర మీద ‘గది 2 – ఎక్కువ’ అని వచ్చింది. బాబాయి వచ్చి, గ్రాఫు పేజీకి వెళ్ళకుండా, ఆ మాటే చూశాడు. నొక్కాడు. ఆ తర్వాత వెళ్ళి ఒక కంప్రెసర్ ఆపేశాడు.

నేను సాయంత్రం ఆటో వేళకి సంచీ తీసుకోవడానికి వచ్చి, అలవాటుగా గ్రాఫు చూశాను. రెండో గది గీత మేడమెట్లెక్కినట్టు ఎక్కుతూ ఉంది. నేను అరిచిన అరుపు ఆయన మందం చెవికి కూడా వినపడింది. ఇద్దరం పరిగెత్తాం. వాల్వుని చేత్తో మూశాం, కంప్రెసర్ మళ్ళీ వేశాం. గీత కిందికి వంగేదాకా ఆ తెర ముందే నిలబడ్డాం. కానీ అప్పటికే ఆ గదిలో సరుకు ఉండకూడనంత సేపు ఉండకూడని వేడిలో ఉండిపోయింది. అది ఎగుమతికి వెళ్ళడానికి వీల్లేదని పక్కన పెట్టేశారు.

అప్పుడు అడిగాను. “మిషన్ ఎందుకాపేశావు బాబాయి?”

ఆయన నన్ను వింతగా చూశాడు. “ఎక్కువైపోనాదని అదే సెప్పినాది కదా పాపా. రెండు మిషన్లూ ఏసినాను, సలవ ఎక్కువైపోనాది గావాల అని ఒకటి ఆపీసినాను.”

చెల్లెళ్ళూ, మీకు అర్థం కావాలంటే ఒక్క విషయం చెప్పాలి. ఆ ఫ్యాక్టరీలో మైనస్ అన్న మాట ఎవరూ అనరు. అన్నీ మైనస్సే అయినప్పుడు అనడం దేనికి? మైనస్ ఇరవై అయితే, “ఇరవై కొట్టినాది” అంటారు. ఇరవై అంటే పద్దెనిమిది కన్నా ఎక్కువ, అంటే మంచిది. పన్నెండంటే తక్కువ, అంటే ప్రమాదం. పుస్తకంలో కిందికి దిగేది వాళ్ళ మాటలో పైకి ఎక్కుతుంది. వాళ్ళు కొలిచేది వేడిని కాదు, సలవని. మేం ‘ఉష్ణోగ్రత’ అన్న ఒక్క మాట తీసేసరికి మిగిలిన ‘ఎక్కువ’ వాళ్ళదైపోయింది.

సావుకారుకి ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పాను. ఆయన వినే స్థితిలో లేరు. “తెలుగులో రాస్తే కూడా తెలియకపోతే ఎలా అమ్మాయ్? నొక్కేసి మిషన్ ఆపేశాడు. రేపు వచ్చి లెక్క తేల్చుకుని వెళ్ళిపొమ్మను,” అన్నారు.

ఆ మాట బాబాయికి నేను చెప్పలేకపోయాను. ఎవరో చెప్పేశారు. మర్నాడు పొద్దున్న నేను ఆటో దిగేసరికి గేటు బయటే నిలబడి ఉన్నాడు, ఉతికిన చొక్కా వేసుకుని. లోపలికి ఎందుకు రాలేదని అడిగితే, “పిలిస్తే వత్తాను” అన్నాడు. తనే మళ్ళీ, “సముద్రం మీదికి మరి ఎల్లలేను పాపా. ఈ బుజం లెగదు. ఇక్కడ కాపోతే నాకింకెక్కడా పని తెలీదు,” అన్నాడు. ఎప్పుడూ రూమంతా వినపడే మనిషి, నాకొక్కదానికే వినపడేలా అన్నాడు. నాకప్పుడు ఆరో నెల. ఆయన ముందు కన్నీళ్ళు పెట్టుకోకూడదని గబగబా లోపలికి వెళ్ళిపోయాను.

సావుకారు గదిలో, రాత్రే రప్పించిన విజయనగరం పెద్దమనిషి అప్పటికే కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు గ్రాఫు కాయితాలున్నాయి. అలారం ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు నొక్కారు, మిషన్ ఎప్పుడు ఆగింది, అన్నీ అచ్చయి ఉన్నాయి. ఏ రికార్డయితే ఉండాలని నేను ఏరి ఏరి కొనిపించానో అదే ఇప్పుడు బాబాయి మీద సాక్ష్యం. ఆ పెద్దమనిషి పాపం మంచివాడే. కానీ తన ప్యానెల్ పరువు తనకుంటుంది. “నా ప్యానెల్ సరిగ్గానే చెప్పింది సార్. ఎక్కువైతే ఎక్కువనే అంది,” అన్నాడు.

ప్యాకింగ్ అక్క పక్కన పెట్టిన పెట్టెల సంగతి చెప్పడానికి వచ్చి గోడవారగా నిలబడింది. బాబాయిని పిలిపించారు. గుమ్మంలోనే ఆగాడు.

నేను మళ్ళీ చెప్పబోయాను. “సార్, ఇక్కడ ఎక్కువంటే…”

“ఎక్కువంటే ఎక్కువే కదమ్మా. డిక్షనరీ కావాలా?”

అప్పుడే టేబుల్ మీద ఫోన్ మోగింది. కంప్రెసర్ రూములో రాత్రి షిఫ్టు మనిషి ఇంకా దిగలేదు, అతను చేశాడు. సావుకారు స్పీకర్ నొక్కారు. పనివాళ్ళతో మాట్లాడేటప్పుడు ఆయన భాష కూడా మారిపోతుంది. “ఏటి, రెండో గది ఎంతున్నాది?”

“పంతొమ్మిది దాటినాది సావుకారూ.”

“పంతొమ్మిదా? ఎక్కువే ఉన్నాది అయితే. పరవానేదు, ఉండనీ,” అని పెట్టేశారు.

నేను నోరు తెరిచే లోపలే ప్యాకింగ్ అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆపుకోలేకపోయింది. “ఓలమ్మ, సావుకారు కూడా మిషన్ ఆపీసినోరే గావాల,” అంది.

సావుకారు మొదట ఆమె వంక కోపంగా చూశారు. తర్వాత ఫోన్ వంక చూశారు. ఆ తర్వాత గుమ్మం వంక. ఆయన ముఖంలో ఆ మాట వెనక్కి తిరిగి రావడం నేను చూశాను. “నేనిప్పుడు ఏమన్నాను?” అని ఎవరినని కాకుండా అడిగారు.

“ఎక్కువే ఉన్నాది పరవానేదు అన్నారు సార్,” అన్నాడు విజయనగరం పెద్దమనిషి మెల్లగా. చేతిలో కాయితాలు టేబుల్ మీద బోర్లా పెట్టేశాడు.

సావుకారు, “ఒరే, అక్కడ నిలబడ్డావేటి? నీ రూముకెళ్ళు,” అన్నారు. బాబాయి కదల్లేదు. సరిగ్గా వినపడలేదేమోనని నేను దగ్గరికి వెళ్ళి చెప్పాను. వినపడిందట. కాళ్ళు రాలేదట.

అదే రోజు కొత్త మాట కోసం మళ్ళీ తెర ముందు చేరాం. ‘సలవ తగ్గింది’ అందామని నేను. తగ్గిందంటే సగం మంది వేడి తగ్గిందనుకుంటారన్నారు సావుకారు, ఒక్క పూటలో పండితుడైపోయి. ‘వేడెక్కింది’ అందామంటే, మిషన్ వేడెక్కిందనుకుని మిషన్ మీద నీళ్ళు పోస్తారంది ప్యాకింగ్ అక్క. బాబాయి వెనక నిలబడ్డాడు. “నువ్వు చెప్పు బాబాయి, ఏమంటే పరిగెత్తుతావు?” అని అడిగాను.

ఆయన కొంచెం ఆలోచించి, “సలవ పోతన్నాది అనీ పాపా. పోతన్నాదంటే ఎవుడైనా పరిగెత్తుతాడు,” అన్నాడు.

“చలువ పోవుచున్నది అని పెడదామా, తనిఖీకి వచ్చేవాళ్ళు చూస్తారు,” అన్నాడు పెద్దమనిషి.

“పోవుచున్నదంటే మెల్లగా పోతాదనుకుంటారు,” అంది అక్క.

‘గది 2 – సలవ పోతన్నాది.’ డబ్బాలో సరిగ్గా పట్టింది, ఏ అక్షరమూ విరగలేదు. దానితోపాటు ఇంకొకటి కూడా మార్పించాను. నొక్కినా సరే, గది చల్లబడకపోతే కాసేపటికి మళ్ళీ మోగాలి. చెల్లెళ్ళూ, సిస్టం ఎంచేటప్పుడు మెమరీ చూడండి, సామాను ఎక్కడ దొరుకుతుందో చూడండి, అన్నీ చూడండి. వాటితోపాటు దాని ముందు నిలబడే మనిషి సొంత మాట ఏదో అడిగి తెలుసుకోండి. దీన్ని కొటేషన్‌లో ఎవరూ రాసివ్వరు.

ఇక్కడితో ఆపేస్తే కథ బాగుంటుంది. కానీ బాబాయి ఉద్యోగం దక్కింది గానీ బాబాయి దక్కలేదు.

తెరంటే భయం పట్టుకుంది ఆయనకి. ఎవరికీ చూపించడం మానేశాడు. సైరన్ మోగితే, ఆ మాట తనదే అయినా, తను నొక్కేవాడు కాదు. నేను ఎక్కడున్నా వెతుక్కుంటూ వచ్చేవాడు. “పోతన్నాదంటంది. నొక్కమంటావేటి పాపా?” ఒక్కోసారి తలుపు సరిగ్గా పడకపోతే చాలు, మోగేది. కారణం ఆయనకి నాకన్నా ముందే తెలిసేది. తలుపు వేయించి కూడా వచ్చి, నొక్కమంటావా అని అడిగేవాడు. “నీకు తెలుసు కదా బాబాయి, నొక్కు,” అంటే, “తెలుసుననే కదా అప్పుడు నొక్కీసినాను,” అనేవాడు. అన్నం దగ్గర కూడా సగం చెవి అటే ఉండేది. ఆయన నవ్వని గుమ్మంలో పులుసు రుచి తగ్గింది.

నేను సెలవు పెట్టిన రోజున ఆయన అడిగింది ఒక్కటే. “మరి మోగితే?”

“ఫోన్ చెయ్యి,” అన్నాను.

చేశాడు. ఆసుపత్రిలో ఉండగా చేశాడు. బాబుని అద్దాల పెట్టెలో పెట్టినప్పుడు, వాడి పైన తెర మీద గీతల్ని అద్దంలోంచి చూస్తూ నేను బయట బల్ల మీద కూర్చున్నప్పుడు చేశాడు. వెనక సైరన్ వినపడుతుండేది. “పాపా, పోతన్నాదంటంది.” గదిలో ఎంతుందని, తలుపు సంగతేమిటని, మిషన్లు ఎన్ని తిరుగుతున్నాయని అడిగేదాన్ని. చెప్పేవాడు. నొక్కమనేదాన్ని. సైరన్ ఆగేది. అప్పుడు అడిగేవాడు, “గుంటడు పాలు తాగుతన్నాడేటి?” అని.

మా అమ్మ విసుక్కునేది. “ఆ కంపెనీలో ఇంకెవులూ నేరేటే? బాలింతకా ఫోన్లు?” మా ఆయన మాత్రం ఫోన్ ఛార్జింగు పెట్టి నా దిండు పక్కన పెట్టేవాడు. వాళ్ళెవరికీ నేను చెప్పలేదు. ఆ రోజుల్లో నేను జవాబు చెప్పగలిగిన ప్రశ్న అదొక్కటే. బాబు బరువెందుకు పెరగలేదో, ఎందుకు అలా ఉలిక్కిపడతాడో నాకు తెలిసేది కాదు. రెండో గదిలో సలవ ఎందుకు పోతోందో తెలిసేది. నొక్కు అంటే ఆగేది.

సెలవు అయిపోయింది. ఇంకొంచెం పొడిగించాను. పోనూ రానూ అంత దూరం, వాడికి ఏదైనా అయితే బస్సు దొరికి ఇల్లు చేరేసరికి ఎంతసేపు పడుతుందో లెక్కేసుకుని లెక్కేసుకుని, చివరికి మానేస్తున్నానని సావుకారుకి నేనే చెప్పాను. ఆయన మంచిగానే మాట్లాడారు. “నీ చోటు ఎప్పుడూ ఉంటుందమ్మాయ్,” అన్నారు. ఆ తర్వాత ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదివిన ఒకమ్మాయిని తీసుకున్నారని ప్యాకింగ్ అక్క చెప్పింది. తీసుకోవాలి కదా. గీతలు మనకోసం ఆగవు.

కొత్తమ్మాయి వచ్చాక కూడా బాబాయి నాకే ఫోన్ చేసేవాడు. అలా చెయ్యకూడదని, ఆమెనే అడగమని చెప్పాల్సింది. రేపు చెబుదాంలే అనుకునేదాన్ని.

తర్వాత కొన్నాళ్ళు ఫోన్ రాలేదు. కరెంటు సరిగ్గా ఉంటోందేమో అనుకున్నాను. ఆయనకి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. ఈమధ్య ఒక మధ్యాహ్నం, బాబుకి అన్నం పెడుతుంటే మోగింది. ఆయనే. ఎడం చేత్తో ఎత్తి, అలవాటుగా, “ఎంతుంది బాబాయి?” అన్నాను.

“ఇరవై ఉన్నాది,” అన్నాడు. వెనక సైరన్ లేదు. కంప్రెసర్ల మోత మాత్రం ఉంది.

“మరి?”

“ఇందాక పోతన్నాదన్నాది పాపా. అట్టపెట్టి అడ్డం పడి తలుపు మూసుకోనేదు. మూయించినాను. గీత కూకున్నాది. నొక్కీసినాను.” మాట రూమంతా వినపడేలా ఉంది.

“నొక్కేశావా?”

“నొక్కీసినాను. ఆ కొత్త పాప కూడా ఇక్కడే ఉన్నాది. ఇదేటి బాబాయి, నన్నడక్కుండా నొక్కీసినావు అంటంది. నువ్వు పుట్టకముందు నుంచీ మిషన్లు సూత్తన్నానే అన్నాను.” అవతల ఎవరో నవ్వడం వినిపించింది. ఆయనా నవ్వాడు.

“మంచిపని చేశావు బాబాయి. మరి ఫోన్ ఎందుకు చేశావు?”

“ఏటీ నేదు. నొక్కీసినానని నీకు సెప్దామని.”

పెట్టేశాడు. బాబు నోరు తెరుచుకుని ముద్ద కోసం చూస్తున్నాడు. పెట్టాను. ఆయన మళ్ళీ ఆయనయ్యాడు. నేను కోరుకున్నది అదే, గేటు బయట ఉతికిన చొక్కాలో ఆయన్ని చూసిన పొద్దుటి నుంచీ అదే. ఇక ఆయన నాకు ఫోన్ చెయ్యాల్సిన అవసరం లేదు. అప్పట్నుంచి చెయ్యలేదు కూడా.

అయినా మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చినప్పుడల్లా, గిన్నె కింద పెట్టి, తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఫోన్ ఒకసారి చేతిలోకి తీసుకుంటాను.